భూమి కొనేముందు దాని పుట్టుక అడగండి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఈవేళ భూమి మాట రాని టీ అంగడి లేదు. బెంగళూరు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో వుంది. ఎండాకాలంలో కూడా సాయంత్రానికి చల్లగాలి వీస్తుంది. పక్కనే హార్సిలీ కొండ వుంది. పట్నం డబ్బుకు ఇంతకంటే ఆకర్షణ అక్కర్లేదు. ఎకరాలు కొనేవాడు కారులో వస్తున్నాడు. సెంట్లు కొనేవాడు కూలి డబ్బు మూటగట్టుకొని బస్సు దిగి వస్తున్నాడు. కారులో వచ్చినవాడు మోసపోతే అతని పెట్టుబడుల్లో ఒకటి పోతుంది. బస్సు దిగినవాడు మోసపోతే ఇరవై ఏళ్ల రెక్కల కష్టం పోతుంది. వీళ్లిద్దరూ కాక మూడోవాడు ఒకడున్నాడు. ప్రభుత్వం ఇచ్చిన ఎకరమో, రెండెకరాలో చేతిలో పెట్టుకొని, "అమ్మేయ్ అన్నా, ఇంత ధర మళ్లీ రాదు" అని దళారి రోజూ ఇంటికొచ్చి చెబుతుంటే ఏం చేయాలో తోచని పేదరైతు. ఈ వ్యాసం ఆ రెండోవాడి కోసం, మూడోవాడి కోసం.

భూమిని చూడగానే మనవాళ్లు నేల రంగు చూస్తారు, గట్టు చూస్తారు, బావి చూస్తారు. అవన్నీ చూడవలసినవే. కానీ వాటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ భూమి పుట్టుక ఏమిటి? ఎవరి చేతినుంచి ఎవరి చేతికి, ఏ చట్టం కింద వచ్చింది?

జమీ నుంచి పట్టా దాకా

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లానుంచి వచ్చి కలిశాయి. చిత్తూరు, పలమనేరు వైపు ప్రాంతం ఉత్తర ఆర్కాటునుంచి వచ్చింది. పుంగనూరు జమీందారీ, కుప్పం వైపు కంగుంది జమీందారీ. అంటే ఒకే జిల్లాలో సర్కారు రైత్వారీ గ్రామాలూ వున్నాయి, జమీ గ్రామాలూ వున్నాయి, ఇనాం గ్రామాలూ వున్నాయి. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీలు పోయాయి. 1956 చట్టంతో ఇనాంలు రద్దయ్యాయి. సాగులో వున్న రైతుకు రైత్వారీ పట్టా ఇవ్వాలని ఆ చట్టాలు చెప్పాయి. చాలా చోట్ల ఇచ్చారు. కొన్నిచోట్ల పట్టా అర్జీ దగ్గరే ఆగిపోయింది. దున్నేవాడు తరతరాలుగా దున్నుతూనే వున్నాడు, కాగితంలో మాత్రం ఇంకోపేరు నడుస్తూనే వుంది. ఈవేళ అలాంటి భూమిని కొనేవాడు భూమితోపాటు డెబ్బై ఏళ్ల తగాదాను కూడా కొనుక్కుంటున్నాడన్నమాట.

దేవుడి మాన్యం కథ వేరు. 1987 దేవాదాయ చట్టం ప్రకారం గుడి భూమిని పూజారిగానీ, ధర్మకర్తగానీ తన ఇష్టప్రకారం అమ్మలేడు. పోరంబోకు కథ ఇంకా వేరు. చెరువు, వాగు, కాలువ, శ్మశానం, పశువుల మేత బీడు — ఇవి వూరందరివి. వూరుమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని, వాటిని క్రమబద్ధం చేసే అలవాటు మానుకోవాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టిగా చెప్పింది. మేత బీడు పోతే ఎకరాలున్న ఆసామికి పెద్దగా నష్టం లేదు. రెండు మేకలు పెట్టుకొని బతికే కూలి కుటుంబానికే నష్టం. పుంగనూరు పొట్టి ఆవు పేరు లోకమంతా తెలుసు. తక్కువ మేతతో బతికే ఆ పశువుకు కూడా కాస్త బీడు కావాలి గదా!

డి.కె.టి. పట్టా: అమ్మకూడని భూమి

మన ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువ గొడవ డి.కె.టి. భూముల మీద వుంది. దరఖాస్తు పెట్టుకున్న భూమిలేని పేదకు సర్కారు ఇచ్చిన పట్టా ఇది. 1954 జూన్‌లో వచ్చిన 1142 నంబరు జి.ఓ. తర్వాత ఇచ్చిన ఇలాంటి పట్టాల్లో అమ్మకూడదన్న షరతు వుంది. ఆ షరతుకు పళ్లు పెట్టినది 1977 నాటి 9వ నంబరు చట్టం, అంటే అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం.

ఆ చట్టం చెప్పేది సూటిగా ఇది. భూమిలేని పేదకు ఇచ్చిన భూమిని అమ్మకూడదు, దానం ఇవ్వకూడదు, కౌలుకు ఇవ్వకూడదు. అమ్మినా కొన్నవాడికి హక్కు రాదు. కొన్నవాడిని వెళ్లగొట్టి, అసలు పట్టాదారుకో అతని వారసులకో భూమిని తిరిగి ఇచ్చే అధికారం రెవెన్యూ అధికారులకు వుంది. కొన్నవాడికి శిక్ష వేయడానికి కూడా వీలుంది. వారసత్వంగా బిడ్డలకు రావడానికి అడ్డులేదు. బ్యాంకులో, సహకార సంఘంలో తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవడానికీ అడ్డులేదు. 1977 జనవరి 21కి ముందు, మంచి నమ్మకంతో, తగిన ధర ఇచ్చి కొని సాగుచేసుకుంటున్న భూమిలేని పేదకు మాత్రం మినహాయింపు వుంది.

ఈ చట్టం ఎందుకు పుట్టింది? పేదకు ఇచ్చిన భూమి పదేళ్లు తిరక్కుండానే అప్పు కింద, పెండ్లి ఖర్చు కింద, ఆసుపత్రి ఖర్చు కింద పెత్తందారు చేతికి పోతూ వచ్చింది గనుక. పేదవాడు తాగి తగలేసి అమ్ముకోలేదు. నీళ్లు లేని రాతి నేల ఇచ్చి, బోరుకు అప్పు ఇవ్వకుండా, పంటకు ధర లేకుండా చేస్తే ఎన్నాళ్లు నిలుపుకుంటాడు? 2004లో కోనేరు రంగారావు అధ్యక్షతన వేసిన భూ కమిటీ ఇలా పరుల పాలైన భూముల సంగతి కూడా చర్చించి, 2006లో నివేదిక ఇచ్చింది. ఆ సిఫారసుల్లో చాలా భాగం ఇప్పటికీ కార్యకర్తల సంచుల్లోనే వున్నాయి.

ఇరవై ఏళ్ల సవరణ తెచ్చిన తొందర

2023లో ఈ చట్టాన్ని సవరించారు. సాగుకోసం ఇచ్చిన భూమికి ఇరవై ఏళ్లు నిండితే అసలు పట్టాదారుకు, అతను లేకపోతే వారసులకు, అమ్ముకునే హక్కుతోసహా పూర్తి హక్కులు వస్తాయన్నారు. పైకి చూస్తే పేదకు మేలే. మా భూమి మా ఇష్టం అనుకునే హక్కు పేదకు ఎందుకు వుండకూడదు అని అడిగినవాళ్లు వున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ హక్కు కాగితం వచ్చిన మర్నాడే ఎవరు లాభపడ్డారు, ముందుగానే అగ్రిమెంట్లు రాయించుకొని కాచుకొని కూర్చున్నది ఎవరు అన్నది కూడా అంతే న్యాయమైన ప్రశ్న.

2024లో ప్రభుత్వం మారింది. నిషేధ జాబితానుంచి విడిపించిన భూముల్లో అక్రమాలు జరిగాయన్న ఆరోపణలమీద, అలాంటి భూముల రిజిస్ట్రేషన్లు నిలిపివేసి విచారణ మొదలుపెట్టారు. ఆ మధ్యకాలంలో బయానా ఇచ్చినవాళ్లకు డబ్బూ చిక్కలేదు, భూమీ చిక్కలేదు. ఇందులో మనకు పాఠం ఏమిటంటే, అసైన్డ్ భూమి విషయంలో "ఇప్పుడు చట్టం మారిందన్నా" అన్న మాటను నమ్మి ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు. ఆ సర్వే నంబరుకు ఆ రోజున ఏ స్థితి వుందో తహశీల్దారు ఆఫీసులో కాగితం మీద తెలుసుకోవాలి.

మదనపల్లె మంట నేర్పినది

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్‌ కలెక్టరు ఆఫీసులో మంటలు రేగి రెవెన్యూ దస్త్రాలు కాలిపోయాయి. రాష్ట్ర పోలీసు డి.జి.పి. స్వయంగా వచ్చి చూసి, ఇది ప్రమాదంలా లేదన్నారు. కేసు సి.ఐ.డి.కి వెళ్లింది. తప్పు ఎవరిదో తేల్చవలసింది విచారణ, న్యాయస్థానం. కానీ ఆ తర్వాత రెవెన్యూ ఉన్నతాధికారి మదనపల్లెకు వచ్చి అర్జీలు తీసుకున్నప్పుడు, భూమి పోయిందని చెప్పుకోవడానికి జనం బారులుదీరారు. మంట ఒక రాత్రిది. ఆ అర్జీలు ఏళ్లనాటివి.

పేదవాడి హక్కంతా సర్కారు బీరువాలో వుంటే, బీరువా కాలినరోజు హక్కు కూడా కాలినట్టే. అందుకని డి.కె.టి. పట్టా, అడంగలు, 1-బి నకళ్లను ధ్రువీకరించిన ప్రతులుగా తీసి ఇంట్లో ఒకటి, సంఘం దగ్గర ఒకటి పెట్టుకోవాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అడిగితే నకలు ఇవ్వవలసిందే. తెల్లరేషను కార్డు వున్నవాడు ఆ పది కూడా కట్టనక్కర్లేదు.

కాగితాలు: ఏది దేనికి?

మనవాళ్లలో ఒక నమ్మకం వుంది. పాసుపుస్తకం వుంటే చాలు, రిజిస్ట్రేషను అయితే చాలు అని. చాలదు. పాసుపుస్తకం రికార్డులో పేరుందని చెబుతుంది. రిజిస్ట్రారు మీరు తెచ్చిన పత్రాన్ని నమోదు చేస్తాడేగాని, అమ్మేవాడికి నిజంగా హక్కుందా లేదా అని విచారణ జరిపి తీర్పు చెప్పడు. కాబట్టి విచారణ మనమే చేసుకోవాలి.

మొదట ఆర్.ఎస్.ఆర్. చూడండి. అది రీసెటిల్మెంటు కాలం నాటి రిజిస్టరు. భూమి అప్పట్లో పట్టాదా, సర్కారుదా, ఇనామా అన్నది అక్కడ తెలుస్తుంది. పట్టాదారు పేరు వుండవలసిన గడిలో చుక్కలు మాత్రమే వుంటే అది చుక్కల భూమి. సొంతదారు ఎవరో తేలక అప్పటి గుమాస్తా చుక్కలు పెట్టి వదిలేశాడు. ఆ చుక్కకు వందేళ్లుగా రైతు జరిమానా కడుతున్నాడు. దీన్ని సరిచేయడానికి 2017లో చట్టం వచ్చింది, 2023లో పెద్దఎత్తున చుక్కలు తీసేశారు. మీరు కొనే నంబరుకు తీశారా లేదా అన్నది చూసుకోవాలి.

రెండోది 22-ఎ జాబితా. సర్కారు భూమి, గుడి భూమి, వక్ఫు భూమి, సీలింగు మిగులు భూమి రిజిస్టరు చేయకూడదని చెప్పే జాబితా ఇది. నంబరు అందులో వుంటే అక్కడితో బేరం ఆపండి.

మూడోది ఇ.సి. పదేళ్లకు తీసి చూపిస్తే ఒప్పుకోవద్దు, ముప్పై ఏళ్లకు తీయించండి. తాకట్టులు, పాత అమ్మకాలు బయటపడతాయి. ఇ.సి.లో కనిపించని సహకార సంఘం అప్పులు, చేబదులు అగ్రిమెంట్లు వుంటాయి. వాటికి వూళ్లో విచారించడమే దారి.

నాలుగోది లింకు దస్తావేజులు. తాతనుంచి తండ్రికి, తండ్రినుంచి కొడుక్కి, అతని నుంచి ఇప్పటివాడికి గొలుసు తెగకుండా రావాలి. ఒక్క కొలికి తెగినా ఆగండి.

అయిదోది కొలత. ఎఫ్.ఎం.బి. పటం చేతబట్టుకొని, సర్వేయరును పిలిపించి, చుట్టుపక్కల రైతుల ఎదుట రాళ్లు చూసుకోండి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో చాలా గ్రామాల్లో విస్తీర్ణాలు మారాయి, పాత నంబర్లు పోయి కొత్తవి వచ్చాయి. పాతా కొత్తా రెండూ పోల్చండి. కుప్పం వైపు ఇంకో చిక్కు వుంది. అక్కడ మూడు రాష్ట్రాలు కలుస్తాయి. మనం సెంట్లలో మాట్లాడితే కన్నడం వైపునుంచి వచ్చేవాడు గుంటల్లో మాట్లాడతాడు. ఎకరానికి సెంట్లు 100, గుంటలు 40. గుంట అంటే రెండున్నర సెంట్లు. బేరం ఏ లెక్కలో జరిగిందో కాగితం మీద రాసుకోకపోతే తర్వాత నెత్తి కొట్టుకోవలసి వస్తుంది.

2022లో చేసిన భూమి హక్కుల చట్టాన్ని 2024లో రద్దు చేశారు. కనుక "కొత్త చట్టం కింద మాకు శాశ్వత హక్కు వుంది" అని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు.

సంతకాలు ఎవరెవరివి?

మన రాష్ట్రంలో 1986 చట్టంతోనే ఆడబిడ్డకు ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. 2020లో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని తేల్చింది. అయినా ఇప్పటికీ అన్నదమ్ములు నలుగురు సంతకాలు చేసి, అక్కచెల్లెళ్ల మాట ఎత్తకుండా భూములు అమ్మేస్తున్నారు. "వాళ్లకు పెండ్లప్పుడే ఇచ్చేశాం" అంటారు. అది దస్తావేజు కాదు. ఆడబిడ్డ సంతకం లేని భూమిని కొంటే, రేపు ఆమె కోర్టుకు వెళితే న్యాయం ఆమె పక్షాన వుంటుంది. వుండాలి కూడా.

జి.పి.ఎ. అమ్మకాలు మరీ ప్రమాదం. అగ్రిమెంటు, జి.పి.ఎ., వీలునామా కలిపి రాసినంత మాత్రాన హక్కు బదిలీ కాదని 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేసి తీసుకున్న స్వాధీనం కూడా రిజిస్టరు కాకపోతే కోర్టులో రక్షణ ఇవ్వదు.

నీళ్లు, ఏనుగులు, రోడ్లు

ఇది వానాధార ప్రాంతం. చెరువులే ప్రాణం. హంద్రీ-నీవా పథకం శ్రీశైలం వెనుక జలాలనుంచి 40 టి.ఎం.సి.లు ఎత్తిపోసి రాయలసీమలో 6 లక్షల పైచిలుకు ఎకరాలకు నీళ్లివ్వడానికి పెట్టినది. పుంగనూరు బ్రాంచి కాలువ, కుప్పం బ్రాంచి కాలువ అందులోవే. 2025 ఆగస్టులో కృష్ణా నీళ్లు కుప్పం చేరాయి. సంతోషమే. కానీ కాలువ చివరి గ్రామాలకు ఏటా నీళ్లు వస్తాయా అన్నది ఒక్క ఏడు చూసి చెప్పగలిగేది కాదు. దళారి "కాలువ పక్కనే" అనగానే ధర పెంచి కొనకండి. ఆ భూమికి పిల్లకాలువ వుందా, చెరువు ఆయకట్టులో నంబరు వుందా చూడండి. పక్క బోరు ఎన్ని అడుగుల్లో పడింది, వేసవిలో ఎన్ని గంటలు పోస్తుంది అని పక్క రైతును అడగండి. 2002 వాల్టా చట్టం ప్రకారం తాగునీటి బావికి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు.

నీళ్లు లేని చోటే కాదు, నీళ్లు పారే చోటు కూడా ప్రమాదమే. 2021 నవంబరు వానలకు చిత్తూరు జిల్లాలో చెరువులు నిండి అలుగులు పారాయి. ఎండిన వాగులో రాళ్లు పాతి ప్లాట్లు అమ్మినవాడు ఆ నాడు కనపడడు. వాగు మాత్రం తన దారి మరిచిపోదు.

కుప్పం, పలమనేరు అడవి అంచున కొనేవాళ్లు ఏనుగుల సంగతి తెలుసుకోవాలి. 1980ల నుంచి ఏనుగుల మందలు ఈ అడవికి వస్తున్నాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఒక్క రాత్రి మంద వచ్చిపోతే చెరకు, అరటి, టమోటా, కొబ్బరి ఏదీ మిగలదు. 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులను తెప్పించవలసి వచ్చిందంటే బాధ ఎంతటిదో అర్థం చేసుకోవచ్చు. రాత్రి కాపలా కూడా సాగు ఖర్చే.

బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్ రోడ్డు బైరెడ్డిపల్లె, పలమనేరు మీదుగా వెళుతుంది. రోడ్డు వస్తుందని భూమి కొనేవాళ్లకు ఒక మాట. రోడ్డు మన భూమి పక్కన పోతే ధర. మన భూమి మీదుగా పోతే సేకరణ. సేకరణలో భూమిలేనివాడిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కానీ 2013 భూసేకరణ చట్టం ప్రకారం అంతకుముందు మూడేళ్లుగా ఆ భూమిమీద కూలిచేసి ప్రధానంగా దానిమీదే బతుకుతున్న కుటుంబం, కౌలురైతు కుటుంబం కూడా బాధిత కుటుంబాలే. రహదారుల కోసం తీసుకున్నా పరిహారం, పునరావాసం నిబంధనలు 2015నుంచి వర్తిస్తాయి. గ్రామసభలో పేరు రాయించండి.

సెంటు ప్లాట్లు, వడ్డీ లెక్కలు

తెల్లవారుజామున కుప్పం స్టేషనులో రైలెక్కి బెంగళూరు కూలికి పోయే కుర్రవాళ్లు, మదనపల్లె టమోటా మార్కెట్టులో క్రేట్లు మోసే హమాలీలు — వాయిదాల ప్లాట్లు అమ్మేవాడి కన్ను వీళ్లమీదే. "రైల్వే స్టేషనుకు దగ్గర" అంటాడు. మదనపల్లె రోడ్డు స్టేషను పట్నానికి ఎంతో దూరాన సి.టి.ఎం.లో వుందని చెప్పడు. లేఅవుటుకు అనుమతి నంబరు అడగండి. 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన వెంచరు నమోదు కావాలి. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో పదోవంతుకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. పంచాయతీ రసీదు లేఅవుటు అనుమతి కాదు.

ఇక అప్పు. నూటికి రెండు వడ్డీకి 5 లక్షలు తెస్తే నెలకు 10,000, ఏడాదికి 1,20,000 వడ్డీకే పోతుంది. ఆ డబ్బు ఎకరంలో టమోటా వేసి తీస్తామనుకుంటారు. 2023 జూలైలో మదనపల్లెలో కిలో టమోటా 150 రూపాయలు దాటింది నిజమే. కోతకూలి రాక రైతులు టమోటాను రోడ్డుమీద పారబోసిన ఏళ్లు అంతకంటే ఎక్కువ. ఒక మంచి ఏడు చూసి ఇరవై ఏళ్ల అప్పు నెత్తినేసుకోకూడదు.

సంఘం చేయవలసింది

ఒంటరిగా బేరానికి కూర్చున్న కూలివాడిని దళారి ఒక్క పూటలో లొంగదీస్తాడు. పదిమంది కూర్చుంటే దళారే కాగితాలు తెచ్చి చూపిస్తాడు. అందుకని ప్రతి వూళ్లో కార్యకర్తలు చేయవలసిన పనులు కొన్ని వున్నాయి. గ్రామంలోని డి.కె.టి. భూముల పట్టీ తయారుచేయాలి: ఎవరికిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఇప్పుడు ఎవరు సాగుచేస్తున్నారు. చెరువు, వాగు, మేత బీడు నంబర్లు రాసి పంచాయతీ గోడమీద అంటించాలి. పరుల చేతికి పోయిన భూమికి 1977 చట్టం కింద అర్జీ పెట్టించి, రసీదు తీసుకొని, వాయిదాకు వెంట వెళ్లాలి. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ప్రకారం దొరుకుతుంది. ఆ సంగతి ప్రతి ఇంటికీ చెప్పాలి.

కొనదలిచిన కూలి సోదరులు బయానా ఇచ్చేముందు సంఘానికి కాగితాలు చూపించాలి. అమ్మదలిచిన పేదరైతు వేలిముద్ర వేసేముందు ఒక రోజు ఆగాలి. అప్పు తీర్చడానికే అమ్ముతున్నట్టయితే, ఆ అప్పుకు బ్యాంకు తాకట్టు దారి వుందేమో చూడాలి. అమ్మిన భూమి మళ్లీ పేదవాడి చేతికి రావడం ఈ ప్రాంతంలో అరుదు.

కొండ అందం కొనడానికి వచ్చేవాళ్లు వస్తూనే వుంటారు. వాళ్లు వచ్చినా రాకపోయినా ఈ నేలమీద బతకవలసింది మనం. కొనాలన్నా, నిలుపుకోవాలన్నా మొదట దాని పుట్టుక తెలుసుకుందాం.